పలకనని మాటిచ్చిన మనిషి

ఇవాళ పొద్దున చింతామణి బస్టాండు దగ్గర టీ తాగుతుంటే నా వెనక ఎవరో రెండుసార్లు గొంతు సవరించుకున్నారు. ఆ వెంటే లవంగం వాసన. గ్లాసు ఒలికి టీ చీర మీద పడింది. తిరిగి చూస్తే ఎవరో లారీ డ్రైవరు. "ఏమక్కా, దయ్యాన్ని చూసినట్ల చూస్తాండావు?" అన్నాడు. వాడికేం తెలుసు! మా గంగులప్ప పోయి ఏడాది దాటినా, ఆ చప్పుడు వింటే చాలు, పెద్దాయన ఏదో చెప్పబోతున్నాడని నా చేతులు వాటంతటవే పైట సర్దుకుంటాయి.

గంగులప్ప బాగేపల్లి చుట్టుపక్కల భూములు చూపించే బ్రోకరు. ఇప్పటివాళ్ళు ఏజెంటు అంటారు, కార్డు అచ్చు వేయించుకుంటారు. ఆయనకు కార్డూ లేదు, ఆఫీసూ లేదు. ఒక పాత మోపెడ్, జేబులో లవంగాల డబ్బీ, అంతే. నేను అప్పట్లో తాలూకాఫీసు ఎదుట జెరాక్సు అంగట్లో పనిచేసేదాన్ని. ఏ భూమి ఎవరి పేర ఉందో చెప్పే పహణీ కాగితాలకు పొద్దస్తమానం కాపీలు తీసి తీసి విసుగెత్తి, ఒకరోజు ఆయన్ను అడిగేశాను. "అప్పా, మీ పని నాకూ నేర్పించండి." ఆయన రెండుసార్లు గొంతు సవరించుకున్నాడు. అది లేనిదే ఆయన నోట ఏ మాటా వచ్చేది కాదు. "నీకు నోరుండాది శారదమ్మా. చెవులుండాయా?" అన్నాడు. నాకు ఒళ్ళు మండింది. "రెండుండాయి, బాగా చూడండి" అన్నాను. పకపకా నవ్వాడు. మర్నాటి నుంచి ఆయన మోపెడ్ వెనక నా స్కూటీ.

ఆయన నేర్పిన పని ఏ వీడియోలోనూ దొరకదు. వానలు పడి పచ్చగా ఉన్నప్పుడు కాదు, మండుటెండలో చూపించాలి భూమిని. అప్పుడు నచ్చితేనే నచ్చినట్టు. ఓనరుకంటే ముందు పక్క చేనువాళ్ళతో మాట్లాడాలి. దారి ఉందా అంటే అందరూ ఉందనే అంటారు, ట్రాక్టరు ఎటునుంచి వస్తుందని అడగాలి. ఇవన్నీ బాగానే తలకెక్కాయి. ఒక్కదానికి మాత్రం నాకు నవ్వొచ్చేది. ఏ భూమినైనా అమ్మకానికి పెట్టేముందు మిట్టమధ్యాహ్నం ఒంటరిగా వెళ్ళి, చెప్పులు విడిచి, నడిమధ్య నిలబడి "ఎవరప్పా ఉండారు?" అని కేకవేయాలట. కాసేపు ఆగి వినాలట.

"చేన్లో ఎవరు పలుకుతారప్పా?" అన్నాను.

"మనోళ్ళు పోయినోళ్ళను యాడ పెడతారమ్మా? సొంత చేన్లోనే గదా. ఇప్పుడు రేటు తగ్గుతుందని సమాధి రాళ్ళు పెరికేస్తాండారు. వాళ్ళ సంగతి పహణీలో ఉండదు. మనమే అడగాల."

"అడిగితే పలికిరనుకోండి?"

"కొనేవాళ్ళకు చెప్పాల. అంతే."

నా మొదటి బేరం హైవేకి కాస్త లోపల, శనక్కాయ పీకేసిన ఎర్రనేల. బెంగళూరు పార్టీ అడ్వాన్సు ఇవ్వడానికి సిద్ధంగా ఉంది. ఇది తప్పిపోతే మళ్ళీ ఆ జెరాక్సు మిషను ముందే నిలబడాలి, అంగడి ఓనరు దెప్పిపొడుపులు పడాలి. ముసలాయన మాట తీసేయలేక మొక్కుబడిగా వెళ్ళాను. ఎండ నడినెత్తిన ఉంది. కనుచూపు మేరలో కంపచెట్టు కూడా లేదు. కేకవేశాను.

"నేనుండా."

ఆడగొంతు. అరుపు కాదు, మూలుగు కాదు. వంటింట్లో పని చేసుకుంటూ ఎవరో పలికినట్టుంది. నా వెనకనుంచి, బాగా కిందినుంచి వచ్చింది. తిరిగి చూస్తే ఉత్త నేల. నా పైప్రాణాలు పైనే పోయాయి. చెప్పులు అక్కడే వదిలేసి పరిగెత్తాను. కాళ్ళు బొబ్బలెక్కిన సంగతి రోడ్డెక్కాక గానీ తెలియలేదు.

గంగులప్ప ఆశ్చర్యపోలేదు. తాగడానికి నీళ్ళిచ్చి, "మగమనిషా, ఆడమనిషా?" అని మాత్రం అడిగాడు. నేరుగా ఆ చేను ఓనరు ఇంటికి తీసుకెళ్ళాడు. అరుగు మీద కూర్చుని, గొంతు సవరించుకుని, "మీ చేన్లో ఉండే ఆయమ్మ ఎవరప్పా?" అన్నాడు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, ఆ పెద్దమనిషి "రాయా? యాడి రాయి? మేమేమీ పెరకలా!" అన్నాడు. రాయి మాట మేము ఎత్తనేలేదు. లోపలినుంచి ఆయన ముసలితల్లి ఏడుపు వినిపించింది. అక్కడ ఉన్నది పాము కరిచి పోయిన ఆమె కూతురు. ఆ వారంలోనే రాయి మళ్ళీ నిలబెట్టారు. సంగతి విన్న బెంగళూరు పార్టీ మాత్రం కారెక్కి వెళ్ళిపోయింది. నేను వెక్కి వెక్కి ఏడ్చాను. "ఊరుకోమ్మా. చెప్పి అమ్మితే అమ్ముడుపోని భూమి లేదు, లేటయితాది అంతే" అన్నాడు. అలాగే జరిగింది. ఊళ్ళో రైతే ఒకాయన, రాయి ఉందని తెలిసే కొన్నాడు. అలా నేను ఏజెంటునయ్యాను.

తర్వాత ఒకసారి చింతామణి దారిలో ఉన్న ఆయన సొంత మెట్టచేనులో, కానుగ చెట్టు కింద కూర్చుని సద్ది తింటున్నాం. "రేపు మీరు పోయినాక ఈడికొచ్చి కేకేస్తే పలుకుతారా అప్పా?" అని వేళాకోళమాడాను. ఆయన నవ్వలేదు. "పలకనమ్మా. నీ బేరం నేను చెడగొడతానా? మాటిస్తాండా" అన్నాడు.

ఆ చెట్టు కిందే ఆయన్ను పెట్టారు. పోయిన నెల ఆయన కొడుకులిద్దరూ ఆ చేను అమ్మిపెట్టమని వచ్చారు. "రాయి తీసేస్తామక్కా. పార్టీకి చెప్పొద్దు" అన్నారు. మీ నాయన దగ్గర పని నేర్చుకుని నేనెలా దాస్తానన్నాను. పెద్దవాడు గడుసుపిండం. "సరే, ఆయన పద్ధతే కానీ. నువ్వే పొయ్యి కేకెయ్యి. పలికితే చెప్పు. పలక్కపోతే నోరు మూసుకో" అన్నాడు. ఆయన నాకిచ్చిన మాట వాళ్ళకు తెలియదు కదా.

మిట్టమధ్యాహ్నం వెళ్ళాను. రాయి అప్పటికే పెరికేశారు. చెప్పులు విడిచాను. "ఎవరప్పా ఉండారు?" అన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. కానుగాకు కదలడం లేదు. దూరంగా ఆడుతున్న బోరు మోటారు ఆగిపోయింది. అప్పుడు నా పాదాల పక్కన, కిందినుంచి, గొంతు సవరించుకున్న చప్పుడు. ఒకసారి. మళ్ళీ ఒకసారి. లవంగం వాసన. ఊపిరి బిగబట్టి మాట కోసం నిలబడ్డాను. రాలేదు. ఎండ వాలేదాకా నిలబడ్డాను. అయినా రాలేదు. ఇచ్చిన మాట మీద నిలబడే మనిషి మరి! అక్కడే కూలబడి ఏడ్చాను. అంత ప్రేమను నేను ఏం చేసుకోను?

చేను చూడవచ్చిన దంపతులకు ఆ చెట్టు చూపించి, "ఇక్కడ మా గురువున్నాడు" అన్నాను. ఇల్లాలు చప్పున భర్త చెయ్యి పట్టుకుంది. నా కేక సంగతి ఆమె ఊళ్ళో వినే వచ్చినట్టుంది. "మీరు పిలిస్తే పలికినాడా?" అని అడిగింది.

"లేదమ్మా. నా బేరం చెడిపోతుందని పలకలేదు" అన్నాను.

వాళ్ళు వెళ్ళిపోయారు. కొడుకులు నాతో మాట్లాడటం మానేశారు. మానేస్తే మానేశారు, గట్టున పడి ఉన్న రాయిని మనుషుల్ని పెట్టి నేనే మళ్ళీ నిలబెట్టించాను. ఏ చేనుకు వెళ్ళినా ఇప్పటికీ చెప్పులు విడిచి కేకవేస్తాను. జవాబు రాకపోయినా వెంటనే కదలను. పలకాలని ఉండీ పలకనివాళ్ళ కోసం ఇంకాసేపు నిలబడతాను.