మొరం బాట, బావ సంచిలో రాయి

ఆల్ప్స్ కొండల్లో తెల్లోళ్లు కంకర బాటల మీద సైకిళ్లు తొక్కే వీడియో ఒకటి మా దుకాణంలో కూర్చుని చూశాను. రాయచూరు బజారులో నాది సైకిల్ రిపేరు దుకాణం. ఏడో తరగతి దాకా బడి, ఆ తర్వాత అంతా స్పానర్లే. ఆ వీడియోలో ఒక పక్క మంచు, ఒక పక్క పచ్చిక, నడుమ కంకర. మంచు మనకు లేదు గానీ కంకరకు కొదవా? కల్మల ఊరు దాటితే కాలువ గట్టు పొడుగునా ఎర్ర మొరమే. లావు టైర్లు వేసిన సైకిల్ ఉంటే చాలు.

ఇది బయటికి చెప్పిన కారణం. అసలు కారణం మా నర్సింలు బావ. మా పద్మక్క భర్త, బట్టల దుకాణం ఆయనది. మూడేళ్ల కింద కూతురి పెళ్లి పత్రికలో ఆయన తమ్ముడు హనుమంతు పేరు పడలేదు. ఊళ్లో ఉండి సేద్యం చేసేవాడు హనుమంతే. సొంత చిన్నాయన పేరు లేని పత్రిక చేతికిస్తే ఎవడొస్తాడు? రాలేదు. ఆనాటి నుంచి అన్నదమ్ములకు మాటల్లేవు. అచ్చుకు ముందు ఆ పత్రిక చూసి "అంతా సరిగానే ఉంది" అన్నది ఎవరో తెలుసా? నేనే. బావ ఆ సంగతి తమ్ముడికి ఎన్నడూ చెప్పలేదు. తప్పు తన నెత్తినే వేసుకున్నాడు.

మొన్న ఎళ్ళమాసకు రెండు రోజుల ముందు హనుమంతు నాకు ఫోన్ చేశాడు. "ఈ పారి అన్నను తోల్కరా. పన్నెండింటి దాక చరగ ఆపుత. అప్పటికి రాకపోతే ఇగ ఎన్నడు పిలువ" అని పెట్టేశాడు. ఎళ్ళమాస అంటే మా వైపు పైరు నిలబడి ఉండగా వచ్చే అమావాస్య. ఇంటిల్లిపాదీ చేనికి పోయి, అయిదు రాళ్లను పాండవులుగా నిలిపి పూజ చేసి, వండినవన్నీ కలిపి చేను చుట్టూ చల్లుతారు. అదే చరగ.

పరుగున పోయి బావకు చెప్పాను. ఆయన మీటరు బద్ద కింద పెట్టకుండానే నవ్వాడు. "పోయినేడు గిట్లనే లాటరీ తగిలిందని నాతోటి బజారంత మిఠాయి పంచిపిచ్చినవ్. నీ మాట నమ్మాల్నా?"

నిజమే, పంచిపించాను. నలభై ఏళ్లు ఝూట్ చెప్పినోడి నోట్లో నిజం పడితే దాని గతి అంతే. అందుకని నాకు వచ్చిన విద్యనే వాడాను. "సరే గానీ బావా, పండుగ రోజు మొరం మీద సైకిల్ తొక్కుదాం పా. డాక్టర్ నిన్ను నడువుమన్నడు గదా, తొక్కితే జల్ది సన్నబడ్తవ్" అన్నాను. ఒప్పుకున్నాడు.

పొద్దున ఆరుంబావుకు బయలుదేరాం. బావ మఫ్లర్ చుట్టుకుంటుండగా ఆయన సైకిల్ వెనుక కట్టిన సంచిలో, లోపల ఏముందో చూడకుండానే, మూడు కిలోల గుండ్రాయి ఒకటి అడుగుకు తోశాను. పెద్ద పని మీద పోతున్నామని చిన్న చిలిపి పనులు మానుకుంటామా? లింగసుగూరు రోడ్డు మీద కల్మల దాకా తారే, దాదాపు పదహారు కిలోమీటర్లు. లారీలు ఎక్కువ కాబట్టి తెల్లారే దాటెయ్యాలి. ఏడున్నరకు కల్మలలో చేరి పది రూపాయల చాయ్ తాగాం. అక్కడే టైర్లలో గాలి కాస్త తగ్గించాను. గట్టిగా ఉంటే మొరం మీద చక్రం జారుతుంది, మెత్తగా ఉంటే రాయిని పట్టుకుంటుంది.

కల్మల దాటాక ఎడమకు తిరిగితే కాలువ గట్టు. ఎండ ఇంకా ఎర్రగానే ఉంది. ఒక పక్క నీళ్లు, ఒక పక్క మనిషెత్తు జొన్న, చక్రాల కింద మొరం కరకర. బండి చక్రాల గాడుల నడుమ ఎత్తు మీద తొక్కితే హాయి. గాడిలో దిగితే మెత్తని దుమ్ములో కూరుకుపోతారు. బావ నాలుగు కిలోమీటర్లకే రొప్పడం మొదలుపెట్టాడు.

"ఏందిర, నా సైకిల్ గింత బరువున్నది?"

"బరువు సైకిల్ ది గాదు బావా, నీ బొజ్జది."

"నీ అక్క వండుతది, నేను తింట. ఆమెను అడుగు పో."

ఇక్కడే నా లెక్క తప్పింది. ఆ రోజు దారిన పోయేవాళ్లను చేనిలోకి పిలిచి తినిపించకపోతే చేనువాళ్లకు మనసొప్పదు. వద్దంటే తప్పు. మొదటి చేనిలో ఒక ముసలమ్మ అడ్డంగా వచ్చి నిలబడింది. "బర్రీ, ఊటా మాడ్రీ!" అని కన్నడంలో పిలిచి నా హ్యాండిల్ పట్టుకుంది. భోంచేస్తే గానీ వదలదని ఆ పట్టులోనే తెలిసింది. సజ్జరొట్టె, పప్పులూ కూరలూ కలిపి ఉడికించిన భజ్జి, శేంగా హోళిగె, అంటే పల్లీల బొబ్బట్లు. లేచేసరికి పావు తక్కువ పది. రెండు ఫర్లాంగులు పోయామో లేదో ఇంకో చేను, ఇంకో ఆకు. బావ నిదానంగా, ఒక్కో తునక నములుతూ తిన్నాడు.

"బావా, జర జల్ది తిను."

"పెండ్లికి పోతున్నమా ఏంది? తమాషకు ఒచ్చినం గదా."

నేను ఫోన్ తీసి మాటిమాటికీ టైం చూస్తున్నాను. నిజం చెబితే నమ్మడు, చెప్పకపోతే లేవడు. మూడో చేనిలోంచి లేచేసరికి పదకొండుంబావు దాటింది. ఇద్దరం పొట్టలు హ్యాండిల్ కు తగులుతుంటే తొక్కాం. చెడ్డ పనికి పోయేటప్పుడు పంక్చర్ కాదు గానీ, మేలు పనికి పోతుంటే ముల్లు వెతుక్కుంటూ వస్తుంది. నా ముందు చక్రంలో తుమ్మముల్లు. ట్యూబు మార్చేసరికి ఇంకో పావుగంట.

తర్వాత గట్టు రెండుగా చీలింది. నేరుగా పోతే మొరం, కుడికి దిగితే నల్లరేగడి బండ్ల బాట, హనుమంతు చేనికి. అక్కడ "ఇది అడ్డదారి" అని చెబుదామని ముందే నాలుక మీద పెట్టుకున్నాను. బావ నన్ను అడగనే లేదు. బ్రేకు పట్టి, కుడికి దిగిపోయాడు.

"బావా, గటు ఎందుకు?"

"నీ మాట నమ్మలే. నీ అక్కను అడిగిన. హనుమంతు పెండ్లాం ఆమెకు సుత చెప్పిందంట." తల తిప్పకుండానే అన్నాడు. "రావాల్నని ఉండె, రాను కాలు ఆడలే. అందుకే నమిలిన అంతసేపు."

పన్నెండు దాటి పది నిమిషాలకు చేరాం. జొన్న నడుమ హనుమంతు నిలబడి ఉన్నాడు. కుండలో చరగ అట్లాగే ఉంది. సున్నం పూసిన రాళ్లు నాలుగే ఉన్నాయి.

"ధర్మరాజును పెద్దోడే పెట్టాలె," అన్నాడు, అన్న మొహం చూడకుండా. "మూడేండ్ల సంది నేనే పెడ్తున్న. ఈ పారి పెట్టలే."

 బావ తమ్ముడి కోసం తెచ్చిన కొత్త పంచె, తలకు చుట్టే పటకా తీద్దామని సంచి విప్పాడు. పంచె వచ్చింది, పటకా వచ్చింది, వాటి కింద నా గుండ్రాయి వచ్చింది. రాయిని చూశాడు. నన్ను చూశాడు. ఆ తర్వాత వంగి, ఆ రాయిని నాలుగింటి ముందు నిలబెట్టి, సున్నం పూశాడు.

"ముప్పై కిలోమీటర్లు మోసిన. ఇంతకన్న ధర్మరాజు యాడ దొరుకుతడు?"

హనుమంతు నవ్వాపుకోలేక కూలబడ్డాడు. నవ్వుతూనే కండ్లు తుడుచుకున్నాడు. ఇక దాచలేక చెప్పేశాను. "ఆ పత్రిక చూసింది నేను. నీ పేరు లేదని నాకే కానరాలే. మీ అన్న తప్పు గాదు."

హనుమంతు లేచి నిలబడ్డాడు. "అన్న ఒక్కనాడు గూడ చెప్పలే," అన్నాడు మెల్లగా. ఆపై చరగ కుండ నా నెత్తికెత్తాడు. "మొయ్యి. నాలుగెకరాలు. మేమిద్దరం చల్లుతం." చేను చుట్టూ తిరిగే దాకా కుండ దించనివ్వలేదు.

ఆల్ప్స్ నేను చూడలేదు. అక్కడి కంకర ఇంతకన్నా బాగుంటుందేమో. కానీ ముందు తొక్కుతున్న మనిషి నిన్ను అడగకుండానే కుడికి తిరగడం, ఆ బాట మీద కూడా అంత బాగుంటుందా? నేను ఇన్నేళ్లు అందరినీ నవ్వించానని అనుకున్నాను. నవ్వుతూనే ఒకాయన నా తప్పును మూడేళ్లు మోశాడు, బరువుందని ఒక్కసారీ అనలేదు. నా రాయిని మాత్రం అన్నాడు.

మీరూ పోవాలనుకుంటే ఒక్క మాట. బయలుదేరే ముందు సంచి అడుగు దాకా విప్పి చూసుకోండి. తిరుగు ప్రయాణంలో కూడా చూసుకోండి. నేను చూసుకోలేదు. ఇంటికి వచ్చాక నా సంచి విప్పితే, వాళ్లు కట్టిచ్చిన హోళిగెల కింద రాయి దొరికింది, నేను పెట్టినదానికన్నా పెద్దదే.