పొందూరు పంచె, మూడు పూతల గంజి

ముందే చెప్పేస్తున్నాను. ఇది చదివాక మీరు కూడా నన్నే తప్పుపడతారు. పడండి, నాకు అలవాటే. కానీ ఒక మనిషి ముప్పై నాలుగేళ్ల ఉద్యోగానికి జరిగిన సన్మానం, రెండు బుట్టల సమోసాలు, ఒక పెద్ద ఆఫీసరుగారి ముక్కు, వీటన్నిటికీ ఒక్క సాయంత్రంలో ముప్పు వచ్చిందంటే ఆ పాపమంతా పంతొమ్మిదేళ్ల పిల్ల నెత్తిన రుద్దేయడం న్యాయమా అని మాత్రం అడుగుతున్నాను.

అప్పట్లో మేం భిలాయిలో స్టీల్ ప్లాంటు క్వార్టరులో ఉండేవాళ్లం. ఛత్తీస్‌గఢ్ కొత్తగా వచ్చింది. సుపేలా బజారులో బోర్డుల మీద పాత రాష్ట్రం పేరు చెరిపి కొత్త పేరు రాయిస్తున్న రోజులు. మా నాన్న అప్పారావుగారు కుర్రతనంలో శ్రీకాకుళం వైపు నుంచి వచ్చి ప్లాంటులో చేరి, కొలిమి దగ్గరే జీవితమంతా గడిపి, ఆ మే నెలలో రిటైరయ్యారు. డిపార్ట్‌మెంటు వాళ్లు సాయంత్రం ఐదింటికి సన్మానం పెట్టారు.

నాన్నకి శాలువా మీద మోజు లేదు, గోడ గడియారం మీద అసలే లేదు. ఉన్నది ఒక్కటే కోరిక.

"అమ్మడూ, ఈళ్లందరూ ఇన్నేళ్లూ నన్ను మసిబట్టల్లోనే సూసినారు. ఒక్కరోజు తెల్లగ కనిపించాల. పొందూరు పంచె కట్టుకుని ఎల్తాను. మడత మీద ఏలు పెడితే తెగాల!" అన్నారు.

ఆ పంచె ఊరెళ్లినప్పుడు కొన్నది. దాని మీదకి కుట్టించిన లాల్చీతో పాటు మూడేళ్లుగా కలరా ఉండల మధ్య ట్రంకు పెట్టెలో ఈ రోజు కోసమే నిద్రపోతోంది. మామూలుగా అయితే మా వీధి మలుపులో బండి మీద ఇస్త్రీ చేసే దీదీకి ఇచ్చేసేవాళ్లం. ఆవిడ సరిగ్గా అప్పుడే తమ్ముడి పెళ్లికి ఊరెళ్లింది. నేరస్థుల జాబితాలో మొదటి పేరు ఆవిడది. రాసుకోండి.

రెండో పేరు మా అమ్మది. అమ్మ లడ్డూల కోసం సుపేలా వెళ్తూ, గుమ్మంలో నిలబడి నాకు పని పురమాయించింది.

"పొయ్యి పక్కన గిన్నెలో గంజి ఉన్నాది. పలచగ సేసి పెట్టు. ఎక్కువైతే రేకైపోతాది, ఇన్నావా?"

"ఇన్నానమ్మా! నేను కెమిస్ట్రీ చదువుతున్నాను. గంజి అంటే స్టార్చి. నాకా చెప్తావు?"

"ఆ సదువే నా బయ్యం" అని వెళ్లిపోయింది. బయటికి వెళ్తున్న తల్లి కూతురితో అనాల్సిన మాటేనా అది?

గిన్నెలో గంజి లాల్చీకే అయిపోయింది. నేను ధారాళంగా పోశాను, ఒప్పుకుంటాను. కానీ లాల్చీ అద్భుతంగా వచ్చింది. ఇప్పుడు పంచె మిగిలింది, గంజి లేదు. నాన్న క్షవరానికి వెళ్లారు, గంటలో వచ్చేస్తారు. బియ్యం కడిగి, ఎసరు పెట్టి, అన్నం వార్చేదాకా ఆగేంత ఓపిక నాకు పుట్టుకతోనే లేదు. వంటింట్లో ఆ మూల ఈ మూల వెతికాను. అటక కింద చీకటి మూలలో, పాత తువ్వాలు కప్పి, ఒక మట్టికుండ కనిపించింది.

తువ్వాలు తీశాను. కుండ నిండా తెల్లటి చిక్కటి నీళ్లు. అడుగున మెతుకులు. అబ్బ, గంజి! ఒక గిన్నెడు కాదు, కుండెడు! పైన నాలుగు నిమ్మాకులు కూడా తేలుతున్నాయి. అమ్మ ఎంత తెలివైనదో చూడండి, బట్టలకి సువాసన రావాలని ఆకులు కూడా వేసి పెట్టుకుంది అని, దేవుడి సాక్షిగా, ఆ క్షణంలో నా కళ్లు చెమర్చాయి.

మీలో శ్రీకాకుళం వాళ్లు ఈపాటికి నెత్తి కొట్టుకుంటూ ఉంటారు. ఆగండి. అది తరవాణి కుండ అని నాకెలా తెలుస్తుంది? గంజినీ మెతుకుల్నీ రోజుల తరబడి పులియబెట్టి, ఆ పులుపు నీళ్లలో చద్దన్నం వేసుకుని తాగుతారని నాతో ఎవరైనా చెప్పారా? నాన్న ఫస్టు షిఫ్టుకి వెళ్లే ముందు, తెల్లారకుండానే ఏదో తాగేవారు, మరికొంత క్యారేజీలో పోసుకుని వెళ్లేవారు. నేను తొమ్మిదింటికి లేచి పరాఠాలు తినేదాన్ని. మా ఇద్దరి పొద్దులూ ఎప్పుడూ కలవలేదు. అప్పటిదాకా ఆ కుండలో ఆవకాయ ఉందనే అనుకునేదాన్ని.

వాసన తెలియలేదా అంటారు. తెలియలేదు! ఆ వారం నాకు జలుబు. కూలరుకి ఎదురుగా పడుకుని తెచ్చుకున్న జలుబు. ముక్కు పనిచేయకపోవడం నేరమైతే సగం ఊరిని జైల్లో వేయాలి.

గుడ్డలో వడగట్టాను. పంచె పరిచి, చేత్తో చిలకరించి, ఇస్త్రీ పెట్టె నడిపాను. సుయ్‌మంది. ఆరాక మడత పట్టుకుని చూశాను. పర్వాలేదు, కానీ వేలు తెగదు. ఇంకో పూత వేశాను. ఇప్పుడు గీసుకుంటుంది గానీ తెగదు. అడుగున ఉన్న చిక్కటిది తీసి మూడో పూత వేశాను. కుండ ఖాళీ అయిపోయింది గానీ పంచె మాత్రం గోడకి ఆనిస్తే నిలబడింది.

క్షవరం చేయించుకుని వచ్చిన నాన్న దాన్ని చూసి మురిసిపోయారు. వేలితో తట్టారు. టకటకమంది.

"ఓర్నాయనో! ప్లేట్ మిల్లులో తీసినావేటే అమ్మడూ?"

"మీరే కదా తెగాలన్నారు!"

"బాగున్నాది, బాగున్నాది!" అని కట్టుకున్నారు. ఆరిపోయిన పంచె దొంగలా నోరు మూసుకుంది. లాల్చీకి కలరా ఉండల వాసన, మెడకి పౌడరు వాసన. మరో వాసన పైకి రావడానికి సందు లేదు. స్కూటరు ఎక్కబోతే మోకాళ్ల దగ్గర పంచె వంగలేదు. ఆటో పిలిచి, నాన్నని నిచ్చెనని ఎక్కించినట్టు వాలుగా ఎక్కించి తీసుకెళ్లాను. అమ్మ లడ్డూలతో సుపేలా నుంచి తిన్నగా హాలుకే వచ్చేసింది.

హాల్లో నాన్న అడుగు పెట్టగానే అందరూ లేచి నిలబడ్డారు. నిజం చెప్తున్నాను, రాజుగారిలా ఉన్నారు. "అరే, అప్పారావ్ ఇతడేనా!" అని ఒకరినొకరు అడుగుతున్నారు. ఆయన కోరుకున్నది అదే. నాకైతే గర్వంతో ఛాతీ ఉబ్బింది. ఆ ఐదు నిమిషాలూ నావే, ఎవరూ నా దగ్గర్నుంచి లాక్కోలేరు.

తర్వాత నాన్న కుర్చీలో కూర్చోబోయారు. అప్పడం విరిగినట్టు కరకరమని చప్పుడైంది. సగంలో ఆగి మళ్లీ నిలబడ్డారు. పెద్ద ఆఫీసరుగారు "బైఠియే, బైఠియే" అంటున్నారు. నాన్న "పర్వాలేదు సాబ్, ముప్పై నాలుగేళ్లు నిలబడే ఉన్నాను" అన్నారు. అందరూ దాన్ని వినయం అనుకుని చప్పట్లు కొట్టారు.

హాలు కొలిమిలా ఉడికిపోతోంది. నాన్నకి చెమట పట్టింది. అది చూసి మర్యాద తెలిసిన మహానుభావుడెవరో ఒక పెద్ద కూలరు ఈడ్చుకొచ్చి, సరిగ్గా నాన్న వెనక పెట్టి, మూడో నంబరు మీద తిప్పాడు. నేరస్థుల జాబితాలో మూడో పేరు అతనిది.

ఒకపక్క చెమట, ఇంకోపక్క కూలరు తడి గాలి. మూడు పూతలూ మేల్కొన్నాయి. పంచెని తాకిన గాలి నేరుగా ముందు వరుసలోకి వెళ్లింది. పెద్ద ఆఫీసరుగారి ముక్కు ఒకసారి కదిలింది. రెండోసారి కదిలింది. ఆయన జేబురుమాలు తీశారు.

నాన్న మైకు పట్టుకుని అప్పుడే మొదలుపెట్టారు. వారం రోజులు అద్దం ముందు హిందీలో బట్టీ పట్టిన ప్రసంగం అది. "నేను మధ్యప్రదేశ్‌లో ఉద్యోగంలో చేరాను. ఉన్నచోటి నుంచి కదలకుండా ఛత్తీస్‌గఢ్‌లో రిటైరవుతున్నాను" అన్నారు. నవ్వాల్సిన చోటు అది. ఎవరూ నవ్వలేదు. అందరూ ముక్కులు తిప్పి ఎటో చూస్తున్నారు.

"ఏదో పులిసిపోయింది" అన్నారు ఆఫీసరుగారు. "ఏయ్ క్యాంటీన్! ఆ చట్నీ ఎప్పటిది?"

"ఇప్పుడే రుబ్బాను సాబ్!"

"ఇప్పుడు రుబ్బింది ఇలా కంపు కొడుతుందా? తీసెయ్! సమోసాలు కూడా తీసెయ్!"

"సాబ్, పిల్లల మీద ఒట్టు..."

"ఎదురు చెప్తున్నావా? రేపట్నుంచి నువ్వు రానక్కర్లేదు!"

రెండు బుట్టల సమోసాలు గుమ్మం దాటుతుంటే హాలంతా నిట్టూర్చింది. సరిగ్గా అప్పుడే నాన్న గట్టిగా గాలి పీల్చారు. ఆగారు. తల వంచి పంచె వైపు చూసుకున్నారు. తర్వాత అమ్మ వైపు చూశారు. అమ్మ అప్పటికే చెంగు ముక్కుకి అడ్డం పెట్టుకుని నా వైపు చూస్తోంది. నేను కిటికీ వైపు చూశాను.

ఒక్కమాట మాట్లాడకుండా ఉంటే ఆయన సన్మానం గట్టెక్కిపోయేది. ఎవరికీ ఏమీ తెలిసేది కాదు. క్యాంటీన్ మనిషి బుట్టలు మోసుకుంటూ, తల దించుకుని వెళ్లిపోతున్నాడు. నాన్న మైకు దగ్గరికి లాక్కున్నారు.

"సాబ్, చట్నీ తప్పేం లేదు. ఆయన్ని ఏమనకండి. పులిసింది నేను."

పంచె కుచ్చిళ్లు పట్టుకుని అందరికీ చూపించారు.

"నా కూతురు ఎంతో ప్రేమతో నా పంచెకి గంజి పెట్టింది. ఏ కుండలోని గంజి పెట్టిందో నాకు ఇప్పుడే తెలిసింది."

ముందు ఒకరు కిసుక్కుమన్నారు. తర్వాత హాలంతా పగలబడి నవ్వింది. నాన్న తెల్లపంచె కట్టుకుని, చెవులు ఎర్రబడి, దండతో అలా నిలబడిపోయారు. తెల్లగా కనిపించాలన్న మనిషి ఇలా కనిపించారు. నాకు ఏడుపొచ్చింది. జలుబు వల్ల కాదు.

అప్పుడు వెనక వరుసలోంచి సమారూ కాకా లేచాడు. దుర్గ్ దగ్గర పల్లెటూరి మనిషి. నాన్న పక్కనే ముప్పై ఏళ్లు పనిచేసి, మా శ్రీకాకుళం తెలుగు మాకంటే బాగా నేర్చుకున్నాడు. తిన్నగా వేదిక ఎక్కి, పంచె కొంగు పట్టుకుని, అందరి ముందూ ముక్కు దగ్గర పెట్టుకున్నాడు.

"అరే! యే తో హమారా బాసీ హై!" అని అరిచాడు. ఛత్తీస్‌గఢ్‌లో నీళ్లు పోసి నానబెట్టిన చద్దన్నాన్ని బాసీ అంటారు. వాళ్లకి అది ప్రాణం. సమారూ కాకా మైకు లాక్కున్నాడు. "నవ్వకండి సాబ్. ముప్పై ఏళ్లు ఫస్టు షిఫ్టులో ఇది తాగే మేమిద్దరం కొలిమి ముందు నిలబడ్డాం. ఒకే గిన్నె, ఇద్దరి నోళ్లు. ఇది కంపు కాదు. ఇది మా అప్పారావ్!"

వెనక కూర్చున్న పనివాళ్లు, మావైపు వాళ్లు, ఆ ఊరివాళ్లు, అందరూ లేచి చప్పట్లు కొట్టారు. నాన్న శాలువాతో కళ్లు తుడుచుకున్నారు. ఆఫీసరుగారు ముందు జేబురుమాలు మడిచి జేబులో పెట్టుకున్నారు, తర్వాత క్యాంటీన్ మనిషిని వెనక్కి పిలిపించారు. సమోసాలు తిరిగొచ్చాయి. సన్మానం ఇంత గొప్పగా జరగడానికి కారణమెవరు? నేను! ఆ చప్పట్లలో నాకేమైనా వాటా ఇచ్చారా? ఒక్కరంటే ఒక్కరు నా పేరెత్తారా? లేదు.

ఇంటికెళ్లాక అమ్మ నాకిచ్చిన బహుమానం ఇదీ.

"ఏటే గుంటా, కుండలో ఉన్నది ఏటనుకున్నావు?"

"గంజి."

"మరి ఆకులెందుకేసినాననుకున్నావు?"

"సువాసనకి."

"ఓలమ్మో! మా అమ్మింటి తరవాణే అది! రైల్లో ఒళ్లో ఎట్టుకుని తెచ్చినాను. ఇన్నేళ్లూ ఒక్కనాడు కుండ ఎండనీలేదు!"

"మరి చెప్పొచ్చు కదా!"

"గంజి గిన్నె సెప్పినాను కదే! కుండ జోలికెల్లమని సెప్పినానా?"

అమ్మ అన్నది నిజమే. అప్పుడూ నిజమే, ఇప్పుడూ నిజమే. అందుకే ఇంత కోపం.

అంతలో సమారూ కాకా తలుపు తట్టాడు. చేతిలో గిన్నె. "వదినా, కొంచెం తరవాణి ఇయ్యి. ఆ వాసన సూసినాక నాకు సమోసా గొంతు దిగలేదు."

"ఇంకెక్కడిది సమారూ! ఉన్నదంతా మీ అన్నయ్య పంచె తాగీసింది. ఈ గుంట మూడుమాట్లు పోసి మరీ తాగించినాది."

కాకా కుర్చీ మీద ఉన్న పంచెని చూశాడు. గిన్నెని చూశాడు. కాసేపు నిజంగానే ఆలోచించాడు.

"అయితే పంచె నానబెట్టు వదినా."

నాన్న గోడకి జారబడి, కడుపు పట్టుకుని, కళ్ల నీళ్లు కారేదాకా నవ్వారు. నిజానికి ఆయన అలా నవ్వడం నేను అంతకుముందు ఎప్పుడూ చూడలేదు. ఆ నవ్వు కూడా నా మీదే.

ఇప్పటికీ ఏ పెళ్లికి బయల్దేరినా, ఆయన పంచె కొంగు ముక్కు దగ్గర పెట్టుకుని, నా వైపు ఒక చూపు చూస్తారు. పాతికేళ్ల నాటి నేరానికి ప్రతి ముహూర్తానికీ శిక్షేమిటండీ? అందుకని, చల్లారిన ఇస్త్రీ పెట్టె మీద కుడిచెయ్యి వేసి, మీ అందరి ముందూ ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరి పంచెకైనా సరే, ఎంత తొందరైనా సరే, గంజిని ముందు నేను ఒక గుక్క తాగుతాను. ఆ తర్వాతే పంచె తాగుతుంది.