ఊడుపు పాటకి వెనక పెట్టిన కెమెరా

కరోనా గొడవ సద్దుమణిగిన మరుసటి ఏడు, ఆషాఢమాసంలో, నాకు ఒక ఊడుపు పాట, అంటే వరినాట్ల పాట, ఎడిటింగు అప్పగించారు. విజయనగరంలో జానపద పాటలు తీసే ఒక యూట్యూబ్ ఛానల్లో నేను అప్పుడు సీనియర్ ఎడిటర్ని. పెళ్ళి వీడియోల మిక్సింగుతో మొదలైన నా ఉద్యోగానికి అది ఆఖరి ఏడాది. "మేడం, ఆడవాళ్ళ పాట. మీ చెయ్యి పడితే పద్ధతిగా ఉంటాది" అన్నాడు డైరెక్టరు. ఆ పద్ధతి ఏపాటిదో తర్వాత తెలిసింది లెండి.

పాట పైడమ్మది. బొబ్బిలి పక్క పల్లెలో ఊడుపుల జట్టుకి ముందుపాట ఆవిడే అందుకుంటుంది, మిగతావాళ్ళు వంత పాడతారు. స్టూడియోలో ఆ గొంతు విని నా ఒళ్ళు జలదరించింది. రికార్డింగయ్యాక ఒక్కటే అడిగింది: "మా జట్టంతా వత్తాం గానీ బాబూ, మా మొకాలు బాగా అవుపించాల. మా అత్తోరి ఊర్లో అందరూ సూత్తారు." డైరెక్టరు, అక్కని పిలిచినట్టు, "అలాగే అప్పా" అన్నాడు.

కత్తిరించని షూటింగు ముక్కల్ని మేం రషెస్ అంటాం. యాక్షన్ అనకముందూ, కట్ అన్నాకా కూడా మైకు పనిచేస్తూనే ఉంటుంది. అక్కడ ఎవడు ఏం కూశాడో ఎడిటర్‌కి తెలిసినట్టు ఇంకెవరికీ తెలీదు.

మొదటి షాట్‌కి కెమెరా గట్టు మీద, జట్టు వెనక పెట్టారు. ఊడ్చేవాళ్ళు వంగి నారు నాటుతూ వెనక్కి జరుగుతారు, నాటినదాన్ని తొక్కకూడదు కదా. పుట్టి బుద్ధెరిగి చేలో కాలు పెట్టని మా డైరెక్టరు, వాళ్ళు ముందుకి నడిచి పోతారనుకున్నాడు. తీరా చూస్తే అందరూ కెమెరా మీదకే వచ్చేశారు. "తప్పుకో బాబూ, మేం ఎనక్కే వత్తాం!" అని పైడమ్మ నవ్వుతూ కేకేసింది.

చీరలు మోకాళ్ళదాకా ఎగ్గట్టి, నడుం వంచి పని చేసుకుంటున్న మనుషులు. ఫ్రేము నిండా వాళ్ళ వెనక భాగాలే. డైరెక్టరు తప్పు దిద్దుకుంటాడని చూశాను. మైకులో వాడి గొంతు వినబడింది: "ఒరే, భలే పడిందిరా! ఇంకా కిందకి దించు. జూమ్ చెయ్యి." కెమెరామన్ ఇకిలింపు కూడా రికార్డయింది. పైడమ్మ తల ఎత్తకుండానే అడిగింది, "ఏటి బాబూ, మా మొకాలు పడతన్నాయా?" అని. "పడతన్నాయప్పా, సూపరు!"

నాకు అరికాలి మంట నెత్తికెక్కింది.

అవతలి గట్టు నుంచి రెండో కెమెరా తీసిన ముక్కలు కొన్ని దొరికాయి. పల్లవి అందుకునే ముందు పైడమ్మ పక్కామెని చూసి కనుబొమ్మ ఎగరేయడం, నుదుటి మీద బురద మోచేత్తో తుడుచుకోవడం లాంటివి. వాటితోనే పాటంతా కట్టాను. డైరెక్టరు చూసి బాగుందంటూనే, ముఖాలు చూడ్డానికి ఎవడాగుతాడు మేడం అన్నాడు. జనం ఎక్కడ పాట ఆపేసి పోతారో చెప్పే గ్రాఫొకటి చూపించాడు. నీ ఇంట్లో ఆడవాళ్ళని ఇలాగే తీస్తావా అని అడిగాను. పర్సనల్‌గా తీసుకోకండి అన్నాడు. ఎవరి పర్సనల్ నాయనా!

ఛానల్ యజమాని దగ్గరికెళ్ళాను. పూజ చేసుకుంటే గాని కుర్చీలో కూర్చోని మనిషి. డైరెక్టరు మాటే ఫైనల్ అని ఊరుకున్నాడు. నా కట్ పక్కన పడేసి, వేరొకరి చేత పాట మళ్ళీ కోయించారు. థంబ్‌నెయిల్, అంటే పాట నొక్కకముందు కనబడే బొమ్మ, వంగిన ఆడమనిషి వెనక భాగం. దాని చుట్టూ ఎర్రటి వలయం ఒకటి. పైడమ్మ ముఖం మొత్తం పాటలో రెండుసార్లు మెరిసి మాయమైంది.

పాట బ్రహ్మాండంగా ఆడింది. కింద కామెంట్లలో ఆ గొంతు గురించి రాసినవాణ్ణి వెతుక్కోవాలి. మిగతావి నేను ఇక్కడ రాయను, రాయడానికి చెయ్యి రాదు.

మరుసటి ఊడుపులకి పైడమ్మకి ఫోన్ చేశాను. చేలో పాట మానేశారట. "పాటెత్తితే సాలమ్మా, గట్టు మీద మొగోళ్ళు ఫోన్లట్టుకుని సేరిపోతన్నారు. మా అమ్మ కాడి నుంచీ పాడతన్నాం, ఎవుడూ ఇలా సూడనేదు. నోరు మూసుకుని ఊడుస్తన్నాం" అంది.

ఈ వృత్తిలో నేను తెలుసుకున్నది ఇది. ఎడిటర్ ఎంత కోసినా, కెమెరా వెనక నిలబడ్డవాడి చూపుని కొయ్యలేడు. వీడియో నాలుగు నిమిషాల్లో అయిపోతుంది. గట్టు మీదకి చేరినవాళ్ళు మాత్రం ఇంకా పోలేదు.