అతుకులోకి దిగని రక్తం

రెండు బ్యాట్లూ యలమందయ్య చేసినవే. చిలకలూరిపేటకు ఐదు మైళ్ల దూరాన, నల్లరేగడి చేల మధ్య ఉన్న ఊళ్లో నలభై ఏళ్లుగా బండిచక్రాలూ నాగళ్లూ చేస్తున్న వడ్రంగికి క్రికెట్ గురించి ఏం తెలుస్తుంది? చెంచయ్య పత్రికలోంచి కత్తిరించిన గవాస్కర్ బొమ్మ తెచ్చి, "ఇలాంటిది కావాలి మావా. తేలిగ్గా ఉండాలి. బంతిని చివరిదాకా చూసి ఆడాలి" అన్నాడు. మర్నాడు బుల్లయ్య రిచర్డ్స్ బొమ్మ తెచ్చాడు. "నాకు బరువుండాలి. తగిలితే బంతి పోయి పొన్నూరులో పడాలి."

ఆ బొమ్మల్లో యలమందయ్య మనుషుల్ని చూడలేదు. పిడి పలకలోకి ఎక్కడ దిగిందో చూశాడు. ఆ అతుకు ఆయన్ని ఏడిపించింది. మొదటి మూడూ పొయ్యిలో పెట్టాడు. నాలుగోది కుదిరింది. అదే కొలతతో ఒకటి తేలికపాటి కొయ్యతో, ఒకటి వేపచేవతో చేశాడు. వెలుగుకు ఎదురుగా పట్టుకుంటే సందు కనిపించలేదు.

బ్యాట్లు రెండయ్యాక ఊరు కూడా రెండైంది. పత్తి ఏరేసిన చేలో ఆట. ఆట అయ్యాక టీకొట్టు దగ్గర వాదన. టెస్టుల్లో ఇప్పుడు అందరికంటే గొప్ప బ్యాట్స్‌మన్ ఎవడు? ఆ ప్రశ్న మీద దీపావళికి ఒకడి పళ్లు రాలాయి. కార్తీకం వెళ్లకముందే ఇంకొకడి మోచెయ్యి విరిగింది.

ఎనభైమూడు డిసెంబరు చివర్లో మద్రాసులో టెస్టు. గవాస్కర్ ముప్పయ్యో సెంచరీ కొట్టినట్టు టీకొట్టు రేడియో చెప్పింది. ఆ పక్క పాకలో చక్రానికి ఆకులు బిగిస్తున్న యలమందయ్యకు తడిక అవతలి మాటలన్నీ వినబడుతున్నాయి.

"ఏరా బుల్లిగా, మీ రిచర్డ్స్‌ని లేపండ్రా, నిద్రపోతున్నట్టున్నాడు!" చెంచయ్య గొంతు.

"చాల్లే. ఎప్పుడూ ముందొచ్చే మీ గవాస్కర్ నాలుగోవాడుగా ఎందుకొచ్చాడురా? కొత్తబంతికి జడిసి దాక్కున్నాడు."

"సున్నాకే రెండు వికెట్లు పోతే నాలుగోవాడికీ కొత్తబంతేరా, లెక్క రానోడా!"

అందరూ గొల్లున నవ్వారు. ఆ నవ్వు మధ్యలో ఒక దెబ్బ పడింది. కొయ్య చేసే శబ్దాలన్నీ తెలిసిన యలమందయ్య, ఇది కొయ్య మీద పడింది కాదని పోల్చుకున్నాడు. వెంటనే మరో రెండు పడ్డాయి. ఉలి వదిలేసి పరుగెత్తేసరికి చెంచయ్య బోర్లా పడి ఉన్నాడు. చెవిలోంచి రక్తం కారుతోంది. వేళ్లు మట్టిని గీరుతున్నాయి. బుల్లయ్య లేడు. మిగిలినవాళ్లు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా చెదిరిపోయారు.

మూడోరోజు గుంటూరు ఆసుపత్రిలో చెంచయ్య పోయాడు. పత్తిబండి మీంచి పడ్డాడని ఊరంతా ఒకటే మాట చెప్పింది. కానీ బుల్లయ్య కొట్టంలో పత్తికుప్ప కింద పోలీసులకు రక్తం అంటిన బ్యాటు దొరికింది.

ఆ మధ్యాహ్నమే బుల్లయ్య మేనమామ ఇద్దరు మనుషుల్ని వెంటేసుకుని పాకలోకి వచ్చాడు. యలమందయ్య కుడిచెయ్యి పట్టుకుని, చిటికెనవేలు వెనక్కి విరిచాడు. అది టప్‌మంది.

"ఇది తెలియడానికి. మిగతా తొమ్మిదీ నీ నోట్లో ఉన్నాయి. గుంటూరులో కొన్న షాపుబ్యాటని చెప్పు. నువ్వు చెయ్యలేదు. అర్థమైందా?"

భార్య వెంకాయమ్మ వేలికి గుడ్డ చుడుతూ ఏడ్చింది. "షాపుదే అనయ్యా. చచ్చినోడు లేచొస్తాడా? ఆ చెయ్యి పోతే మనం ఏం తింటాం?" యలమందయ్య అలాగేనన్నాడు. నిజంగానే అలా చెప్పడానికే వెళ్లాడు.

స్టేషన్లో ఎస్సై బ్యాటును బల్ల మీద పెట్టాడు. "నువ్వు చేసిందేనా?"

"కాదండి. షాపుదండి."

రైటరు రాసి చదివాడు. సంతకం పెట్టడానికి యలమందయ్య వంగాడు. ఎస్సై రైటరుతో మామూలుగానే అన్నాడు: "పిడి జాగ్రత్తగా కట్టి పరీక్షకు పంపించు. షాపు సరుకు కదా, రక్తం సందుల్లోకి దిగి ఉంటుంది."

"దిగదండి."

ఎస్సై తల తిప్పాడు. "ఏంటీ?"

"దిగదు. పిడికి చుట్టిన దారం విప్పి చూడండి." చెప్పడమే కాదు, విరిగిన వేలు వంగకపోయినా తనే పిడి దారం విప్పాడు. పలక మీద రక్తం నల్లగా ఎండి, అతుకు గీత దాకా వచ్చి ఆగిపోయింది. "చూశారా అయ్యా? మనిషి తల పగిలింది గానీ అతుకు కదల్లా. ఏ షాపువాడు చేస్తాడండీ ఇలాగ?"

రైటరు రాసిన కాగితాన్ని ఎస్సై పక్కకు లాగాడు. తన నోట్లోంచి ఏం వచ్చిందో అప్పుడు తెలిసింది యలమందయ్యకు.

"ఎవరికి చేశావు?"

విప్పిన దారం బల్ల మీద పెట్టాడు. "బుల్లయ్యకండి. వేపచేవ."

పొద్దు వాలకముందే మేనమామా, ఆ ఇద్దరూ మళ్లీ పాకకు వచ్చారు. అడ్డం వచ్చిన వెంకాయమ్మను కడుపులో తన్నారు. యలమందయ్య చేతిని ఆయన పనిమొద్దు మీదే అదిమిపట్టి, కొయ్య చెక్కే ఆయన బాడిసే తీశారు. మొదటి దెబ్బ ఎముక మీద జారింది. రెండోది తెగీతెగకుండా పడింది. మూడోదానికి గానీ మూడు వేళ్లూ తెగి మొద్దు మీద పడలేదు.

వేసవిలో గుంటూరు కోర్టులో విచారణ. బుల్లయ్య తరఫు ప్లీడరు నవ్వుతూ లేచాడు.

"పని చేసుకుంటూ వేళ్లు నరుక్కున్నావు. దాన్ని ఇతనివాళ్ల మీదికి తోసి అబద్ధం చెబుతున్నావు. అవునా?"

యలమందయ్య మొండిచేతిని బోనులోంచి జడ్జిగారి వైపు ఎత్తాడు.

"తమరు చూడండయ్యా. ఒక్కో వేలూ ఒక్కో చోట తెగింది. ఎముక చితికింది. మూడు దెబ్బలేశాడు, పని రానోడు. ఆ బాడిసతో నేనే నరుక్కునుంటే ఒకటే దెబ్బ."