మైకుకు వినిపించని మాట

దెయ్యాలనూ భూతాలనూ నేనెప్పుడూ నమ్మలేదు. ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లలో దెయ్యాలకు గొంతిచ్చి, బయటికొచ్చి తాపీగా టీ తాగినదాన్ని. ఇలాంటిది ఇంకెవరైనా చెబితే నవ్వేసేదాన్ని.

హైటెక్ సిటీ వైపు నెలకో అద్దాల భవనం లేస్తున్న రోజులవి. మా ఆయన అక్కడే సాఫ్ట్‌వేర్ ఉద్యోగం చేసేవారు. సినిమాల్లో లావుపాటి అత్తలూ, హాస్టల్ వార్డెన్లూ నా గొంతుతో అరిచేవారు. నేనూ లావే. షుగరు, మోకాళ్ల నొప్పులు ముదిరాక జూబ్లీహిల్స్‌లో బరువు తగ్గే ఆపరేషన్ చేయించుకున్నాను.

బరువు తగ్గింది. షుగరు అదుపులోకి వచ్చింది. నేను మాత్రం కుంగిపోయాను. అంతకు ముందు ఏ దిగులొచ్చినా పెరుగన్నం, ఆవకాయతో తీర్చుకునేదాన్ని. ఇప్పుడు నాలుగు ముద్దలకే కడుపు నిండేది, దిగులు అలాగే ఉండేది.

పైగా మనిషి సన్నబడితే గొంతూ సన్నబడుతుందని మా డబ్బింగ్‌వాళ్లు తీర్మానించేసి, పిలవడం మానేశారు. ఒక్కసారి వినకుండానే! ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది. కనబడ్డ ప్రతివాళ్లూ "ఎంత బాగున్నావే" అంటుంటే, బాగాలేనని ఎవరికి చెప్పను? మనసు డాక్టరుకు కూడా చూపించుకోమని ఆసుపత్రివాళ్లు రాసిచ్చారు. నాకేం పిచ్చా అని వెళ్లలేదు. అది నా బుద్ధితక్కువ.

చాలా నెలలకు ఒక పిలుపు వచ్చింది. నాలుగు డైలాగులు. అవి చెప్పేసి, ఇక బతకకూడదని నిర్ణయించుకునే ఆ మధ్యాహ్నం థియేటరుకు వెళ్లాను. ఎవరికీ చెప్పలేదు, ఎక్కడా రాయలేదు.

మైకు ముందు నేనొక్కదాన్నే. అద్దానికి అవతల సౌండ్ ఇంజనీరు యాదగిరి. బోరబండ మనిషి, పదేళ్ల పరిచయం. తెర మీద బొమ్మ మొదలయ్యే ముందు కాసేపు నిశ్శబ్దం. నేను పెదవి కదపలేదు, ఒట్టు. హెడ్‌ఫోన్‌లో నా గొంతే వినిపించింది, ఆపరేషన్‌కు ముందు ఎంత ధీమాగా పలికేదో అంతే ధీమాగా: "రేపటి నుంచి నన్ను పిలవొద్దు. నేనుండను."

యాదగిరి బొమ్మ ఆపేసి గదిలోకి పరుగెత్తుకొచ్చాడు. మొహంలో నెత్తురు చుక్క లేదు.

"అక్కా, గట్లంటవేంది? సచ్చిపోదామనుకుంటున్నవా? నిజం చెప్పు."

అన్ని నెలల్లో ఎవరూ అడగని మాట. అవునన్నాను. అక్కడే నేల మీద కూలబడి ఏడ్చాను.

"జర నీళ్లు తాగక్కా. బావకు ఫోన్ కొడ్త. ఆయన వచ్చేదాంక నిన్నిడిచి గీడికెల్లి కదల."

మా ఆయన మీటింగు వదిలేసి వచ్చారు. సాయంత్రానికల్లా ముగ్గురం ఆసుపత్రిలో ఉన్నాం. ఆపరేషన్ తర్వాత కొందరికి ఇలా అవుతుందనీ, నయమవుతుందనీ మనసు డాక్టరమ్మ చెప్పింది. మందులు, వారం వారం మాటలు, చాలా నెలలు పట్టింది. నయమైంది. మళ్లీ డబ్బింగ్ చెబుతున్నాను, ఇప్పుడు హీరో తల్లులకు కూడా.

కొన్నాళ్లకు యాదగిరి ఆనాటి రికార్డింగు తీశాడు. మైకు అప్పటికే ఆన్‌లో ఉంది. నా ఊపిరి పడింది, చేతిలో కాగితం కదిలిన చప్పుడు పడింది. ఆ మాటలున్న చోట కంప్యూటర్లో శబ్దాన్ని చూపే గీత కదలకుండా తిన్నగా ఉంది. తెలియకుండా నేనే అన్నానంటే రికార్డవ్వాలి కదా? నా భ్రమ అయితే అతనికెలా వినిపించింది? ఇద్దరం ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్నాం.

ఆ మాట ఎవరన్నారో నాకు తెలియదు. యాదగిరి అడిగినప్పుడు "అవును" అన్నది మాత్రం నేనే.