పోఖరా నుంచి వచ్చిన ప్రశ్న

ఆ అమ్మాయి అడిగిన ప్రశ్న ఇప్పటికీ నా ఫోన్‌లో ఉంది. హిందీ మాటలు, ఇంగ్లీషు అక్షరాలు. "ఇన్ని బోర్ల దగ్గర నీళ్ల గడి ఖాళీగా ఉంది. ఎవరూ కొలవలేదా?" ప్రొద్దుటూరులో టీ అంగడి ముందు నిలబడి, ఒక చేత్తో గ్లాసు పట్టుకుని, రెండో చేతి బొటనవేలితో జవాబిచ్చాను. వివరాలు పూర్తిగా లేనివి ప్రస్తుతానికి పక్కన పెట్టండి అని. టీ చల్లారేలోగా అయిపోయిన పని అది.

ఆమె ఉండేది నేపాల్‌లో, పోఖరా అనే ఊళ్లో. ఆ ఊరు నేను చూడలేదు. ఆమెను కూడా ఫోన్ తెర మీద తప్ప చూడలేదు. పరాయి దేశం వాళ్లకు ఒక పని అప్పజెప్పి చేయించుకోవడం నాకు అదే మొదలు.

పత్రికలో పనిచేసినన్నాళ్లూ, వేసవి వస్తే నేను తప్పకుండా రాసే వార్త ఒకటుండేది. ఫలానా మండలంలో బోర్లు ఎండాయి, చీనీ, అంటే బత్తాయి, తోటలు వాడిపోతున్నాయి. ఊరి పేరు మారేది, వార్త మారేది కాదు. ఉద్యోగం వదిలాక, చదివి పక్కన పడేసే వార్త కాకుండా రైతుకు పనికొచ్చేది ఏదైనా చేయాలని కోరిక పుట్టింది. ఆ కోరికకు ఒక దారి చూపించినవి జమ్మలమడుగులోని ఒక పెద్దాయన నోటు పుస్తకాలు.

ఆయన ముప్పై ఏళ్లకు పైగా బోరు బండి మీద పనిచేశాడు. తాతల నాడు దొరల బడిలో అక్షరాలు నేర్చిన క్రైస్తవ కుటుంబం. రాత అంటే ఆ ఇంట్లో గౌరవం. బండి ఏ ఊరికి పోయినా పని ముగిశాక ఆయన పుస్తకం తీసేవాడు. ఊరు, పొలం ఎవరిది, వాగుకు ఏ పక్క, ఎన్ని అడుగులు, ఎన్ని ఇంచుల నీళ్లు, అన్నీ గడులు గీసి రాసుకునేవాడు. ఆయిలు మరకలు పడిన ఏడు పుస్తకాలు. వేముల, చక్రాయపేట, పులివెందుల చుట్టుపక్కల భూమి కింద ఏముందో అంతా వాటిలోనే ఉందని నాకనిపించింది.

"తీసకపో అప్పా. నాకిప్పుడు కండ్లు సరిగా ఆనవు. ఈడుంటే చెదలు తింటాయి," అన్నాడు.

రైతు తన పొలంలో నిలబడి ఫోన్ తెరిస్తే, చుట్టుపక్కల ఏ బోరులో ఎంత లోతున ఎన్ని నీళ్లు పడ్డాయో పటం మీద కనిపించాలి. ఇదీ నా ఆలోచన. ప్రొద్దుటూరులో కంప్యూటర్ సెంటర్ నడిపే పరిచయస్థుడికి చెప్పాను.

"ఇట్లాంటివి చేసేటోళ్లు ఈడ ఎవురుండారు సార్? నేర్చుకున్నోడు నేర్చుకున్నట్టే బెంగళూరు బస్సెక్కుతాండాడు. నేను కూడా పనులన్నీ నేపాల్‌కు పంపిస్తాండా."

"నేపాల్‌కా?"

"మనోళ్లు అమెరికా వాళ్ల పని చేస్తాండారు. మరి మన పని ఎవురన్నా చేయల్ల గదా."

నవ్వాను. మన పిల్లలు ఎక్కడెక్కడి దేశాల పనో ఇక్కడ కూర్చుని చేస్తున్నారని ఫోటోతో సహా వార్తలు రాసినవాణ్ణి నేను.

అతను కుదిర్చినవాళ్లు పోఖరాలో ఇద్దరుండేవారు. పని ఇద్దరూ చేసేవారు, మాట్లాడేది మాత్రం ఆ అమ్మాయే. నాకు వచ్చిన హిందీ అంతా మా వీధిలోని ముస్లిం ఇళ్లలో చిన్నప్పుడు అబ్బిన ఉర్దూ. అందులో సగం ఆమెకు అర్థమయ్యేది, మిగతా సగానికి నవ్వేది. నన్ను "దాయి" అని పిలిచేది. వాళ్ల భాషలో అన్న అని అర్థం చెప్పింది.

మొదటి వారం పంపిన పటంలో మా ఊళ్లన్నీ కొండల మీద ఉన్నాయి. బోరు లోతును ఆమె నేల ఎత్తు అనుకుంది. పైకి కాదమ్మా, కిందికి అన్నాను.

"తొమ్మిది వందల అడుగులు కిందికా? నీళ్ల కోసమా?" అంది.

ఆమె పుట్టిన పల్లెలో కొండ మీది ఊట నుంచి నీళ్లు పైపులో వాటంతట అవే దిగి వస్తాయట. కొళాయి కట్టేయడం కూడా ఉండదట. ఆ తప్పు పట్టుకున్నందుకు నాకు గర్వంగా ఉండింది. దూరాన ఉన్నవాళ్లకు మన సంగతులు తెలియవు, మనమే కనిపెట్టుకుని ఉండాలని ఇంట్లో అన్నాను కూడా.

పుస్తకాలను రోజుకు కొన్ని పేజీల చొప్పున నేనే ఎక్కించాను. చాలా వరుసల్లో అడుగులు ఉండేవి, నీళ్ల గడిలో ఏమీ ఉండేది కాదు. బండి పని తొందరలో మరిచిపోయి ఉంటాడులే అనుకున్నాను. ముఖ్యమైన వివరం లేని వార్తను అచ్చుకు పంపకూడదన్నది పత్రికలో నేను మొదట నేర్చుకున్న పాఠం. అలా ఎన్ని వార్తలు బల్ల మీద ఆపేశానో. అందుకే పోఖరా నుంచి ప్రశ్న వచ్చినప్పుడు ఆలోచించవలసిన అవసరం కనిపించలేదు. ఆమె ఒక్కసారితో ఊరుకోలేదు. "కొలిచినవాటి కంటే కొలవనివే ఎక్కువ ఉన్నాయి దాయి" అని మర్నాడు మళ్లీ రాసింది. పక్కన పెట్టండి అని నేనూ మళ్లీ రాశాను, కొంచెం విసుగ్గా.

యాప్ తయారయ్యాక జమ్మలమడుగు పోయి పెద్దాయనకు చూపించాను. ఆయనకు తెర కనిపించలేదు. చదవమన్నాడు. ఒక్కొక్క ఊరే చదువుతుంటే తల ఊపుతూ విన్నాడు.

"చక్రాయపేట దిక్కు అంతేనా అప్పా? శానా వేసినాం గదా ఆడ."

"మిగతావి తర్వాత ఎక్కిస్తామన్నా."

ఊఁ అన్నాడు. నేను పుస్తకాలు తెరిచి, ఈ గడులు ఎందుకు ఖాళీగా వదిలావని అడగవలసిన చోటు అదే. అడగలేదు. ఆయన రాసిందంతా నా జేబులోనే ఉందన్న ధీమాలో ఉన్నాను.

మా చెల్లెలి ఊరు వేముల దగ్గర. పన్నెండేళ్ల చీనీ తోట ఆమెది. మొక్కలు నాటిన నాటి నుంచి ప్రతి చెట్టుకూ ఆమే పాదు చేసింది. అప్పటికే మూడు బోర్లు వేయించారు. రెండింట్లో నీళ్లు పడలేదు, పడిన ఒక్కటీ దమ్ము తగ్గి గంట సేపు కూడా పోయడం లేదు. ఇక బోరు మాట ఎత్తవద్దని ఇంట్లో అందరికీ చెప్పింది ఆమే. సగం తోట వదులుకుని సగమైనా ఆ బోరుతోనే బతికించుకుందామని ఒక నిర్ణయానికి వచ్చి ఉంది. నేను పోయి ఫోన్ చూపించాను.

వాగు వైపు మూడు ఆకుపచ్చ చుక్కలు. ఒకదాంట్లో ఆరు వందల అడుగుల దగ్గర రెండించులు, మిగతా రెండింట్లో ఆరు వందల యాభై దగ్గర ఇంచున్నర. అవి వాగుకు అవతల, పక్క ఊరి పొలాలు. ఎప్పుడో చేతులు మారి తుమ్మచెట్లు మొలిచిన బీడు. మా ప్రాంతంలో బోరులో నీళ్లు పడకపోతే ఎవరూ చెప్పుకోరు. గుంత పూడ్చి, మీద దున్నేస్తారు.

"వాగు పక్క ఇన్ని నీళ్లున్నాయా? మాకెవురూ చెప్పల్యా," అంది చెల్లెలు.

"ఆ పక్క వేసినారని విన్యాంగానీ, ఏమాయనో ఎవురికెరుక," అన్నాడు బావ. తర్వాత నా వైపు తిరిగి, "నువ్వు అన్నేండ్లు పేపర్లో రాసినావు బావా, ఒక్క చుక్క నీళ్లు పడలే. ఫోన్లోనన్నా పడతాయేమో సూద్దాం," అని నవ్వాడు.

చెల్లెలు నవ్వలేదు. ఫోన్ చేతిలోకి తీసుకుని ఆ మూడు చుక్కల్నీ వేలితో పెద్దవి చేసి చూసింది. "మా యన్న రాసినాడంటే కనుక్కోకుండా రాసుండడు," అంది బావతో. ఆ సాయంత్రమే బండికి చెప్పారు.

బండి వచ్చిన ఉదయం చెల్లెలు టెంకాయ కొట్టింది. జమ్మలమడుగు పెద్దాయనను కూడా నేనే పిలిపించాను. యాప్ చూసి వేసిన మొదటి బోరు పక్కన ఆయన నిలబడి ఉంటే ఫోటో బాగుంటుందని. ఆయన వచ్చేసరికి నాలుగు వందలు దాటింది. రాడ్డు మీద రాడ్డు దిగుతోంది. బూడిద రంగు పొడి లేచి చీనీ ఆకుల మీద పడుతోంది. ఆరు వందలైనా, ఏడు వందలైనా పొడి పొడిగానే ఉంది. పెద్దాయన గొంతుకూర్చుని ఆ పొడిని అరచేతిలో నలిపాడు. వాసన చూశాడు. ఆనని కళ్లతోనే వాగు వైపు చాలాసేపు చూశాడు.

"అమ్మా, ఆ గట్టున రెండు తాటిచెట్లుండల్ల."

"ఒకటి పడిపాయె పెద్దాయనా. ఇంకోటుంది," అంది చెల్లెలు.

ఆయన లేచి నా చేయి పట్టుకుని, బండి చప్పుడుకు దూరంగా చెట్ల మధ్యకు నడిపించాడు.

"ఈడ వేయమని ఎవురు చెప్పినారప్పా?"

"నీ పుస్తకమే అన్నా. వాగు పక్క మూడు పడ్డాయని ఉంది."

"మూడు పడినాయి, నిజమే. అవి కూడా రెండేండ్లకే ఎండిపాయ. ఈ వాగెంబడి మేం వేసింది పన్నెండు. మిగతాయి సూడల్యా?"

"మిగతావాటికి నీళ్లు రాయలేదు గదా. ఖాళీ."

"ఖాళీ అంటే నీళ్లు లేవనే గదప్పా."

ఆయన కోప్పడలేదు. నాకెలా తెలియకుండా పోయిందో అర్థం కానివాడిలా చూశాడు.

"మరి లేవని రాసి ఉండొచ్చు గదన్నా."

"యాడ రాయమంటావు? ఆడోళ్లు, పిల్లోల్లు ఆడనే నిలబడి సూస్తాంటారు. కొందరు ఏడుస్తాంటారు. వాళ్ల ముందర బుక్కు తీసి లేదని రాసేకి చెయ్యి రాలేదప్పా. అడుగులు రాసి మూసేటోణ్ణి. మా బండోళ్లందరికీ తెలుసు అది."

చెల్లెలు దూరం నుంచి మమ్మల్నే చూస్తోంది. దగ్గరికి పోయి చెప్పాను. వింది. బండి వాళ్లు తొమ్మిది వందల దగ్గర ఆపి ఏం చేయమంటారని అడిగితే, "ఇంకో వంద పోనీండి," అంది. వెయ్యి దాకా పోయింది. చివరి రాడ్డు కూడా పొడిగానే పైకి వచ్చింది. బావ ఒక బండరాయి తెచ్చి పైపు మీద పెట్టాడు. తెల్లగా పొడి పట్టిన మొహంతో బండి వాళ్లకు ఇవ్వవలసిన డబ్బు లెక్కపెట్టాడు.

ఎండిన బోర్ల గురించే అన్నేళ్లు వార్తలు రాసినవాణ్ణి నేను. ఏడు పుస్తకాల్లో ఒక్క ఎండిన బోరూ ఎందుకు లేదన్న అనుమానం నాకు రాలేదు. తొమ్మిది వందల అడుగులంటే పైకా కిందికా తెలియని అమ్మాయికి వచ్చింది. రెండుసార్లు అడిగింది. జరిగింది ఆమెకు చెప్పినప్పుడు, "మూడోసారి కూడా అడగవలసింది దాయి," అంది. తప్పు నీది కాదమ్మా అన్నాను. ఆమె ఒప్పుకోలేదు.

పక్కన పెట్టిన వరుసలన్నీ ఆమె మళ్లీ కలిపింది. వాటికి నల్ల చుక్క పెట్టమన్నాను. పటం తెరిచేసరికి వేముల నుంచి చక్రాయపేట దాకా నలుపే కనిపించింది. వాగు వెంట తొమ్మిది. "ఇన్నా?" అని మాత్రం రాసింది.

కొత్త బోరు మీది ఆశతో, చెల్లెలు వాళ్లు పాత బోరులో ఉన్న కాసిని నీళ్లనే తోటంతటికీ పంచుతూ వచ్చారు. సగమైనా దక్కించుకోవాలన్న పాత నిర్ణయానికి మళ్లేసరికి ఆలస్యమైంది. ఆ వేసవిలో పాత బోరు కూడా ఆగిపోయింది. ట్యాంకర్లతో కొన్నాళ్లు తడిపారు. ఆకులు చుట్టుకుపోయాయి, కాయలు నిమ్మకాయలంత సైజులోనే రాలాయి. తోట కొట్టేస్తున్నామని బావ ఫోన్ చేస్తే పోయాను.

చెట్లు కోసే మిషను ఒక కొస నుంచి వస్తోంది. చెల్లెలు గట్టు మీద కూర్చుని ఉంది. పక్కన కూర్చున్నాను.

"నా బోరు ఎక్కించినావా అన్నా?" అంది.

ఎక్కించాను. బోరు ఎండిన వారమే, ఊరు, పొలం, వాగుకు ఈ పక్క, వెయ్యి అడుగులు అని. నీళ్ల గడి దగ్గరికి వచ్చి ఆగిపోయాను. ఆ మాట ఆమెకు చెప్పలేక ఫోన్ తీసి చూపించాను. ఆమె చూసింది.

"ఇదేంది, నువ్వు కూడా ఖాళీ ఇడిసినావు?"

తెర మీది దుమ్ము చొక్కా కొసతో తుడిచాను.

"లేవని రాయి. తుమ్మచెట్ల బీడు ఎవురో కొన్యారంట. వాళ్లు కూడా బోరేస్తారు."

సున్నా కొట్టాను. కొంతసేపటికి తాటిచెట్టుకు ఇవతల పదో నల్ల చుక్క వచ్చింది. చెల్లెలు ఫోన్ అందుకుని దాన్ని చూసింది. వేలితో పెద్దది చేసింది, మళ్లీ చిన్నది చేసింది.

"ఆ నేపాల్ పిల్ల ఊర్లో నీళ్లు ఎట్లొస్తాయన్నావు?"

"కొండ మీద నుంచి, పైపులో. వాటంతట అవే దిగి వస్తాయంట. కొళాయి కూడా కట్టేయరంట."

చెల్లెలు ఫోన్ నా చేతికిచ్చి లేచింది. మిషను వాళ్లు పడేసిన కొమ్మలను ఏరి గట్టు మీద ఒక్కచోటికి చేర్చడం మొదలుపెట్టింది.