పళ్ళాయన చూడని పన్ను

ఆవు వయసెంతో తేల్చాలంటే చుట్టుపక్కల పాలకొట్టాలన్నీ అతన్నే పిలిచేవి. కింది పెదవి లాగి, ముందరి ఎనిమిది పళ్ళూ ఒక్కసారి చూసి, నెలలతో సహా చెప్పేసేవాడు. అలా పళ్ళాయన అన్న పేరు పడింది. పనిమంతుడే, కాదనను. కోపం మాత్రం ఎప్పుడూ ముక్కు మీదే. కాలు విసిరిన ఆవుకు డొక్కలో తన్ను, తోక విసిరినదానికి మెడ మీద గుద్దు. అతని చెప్పుల చప్పుడు వినగానే అతను పనిచేసే కొట్టంలోని నలభై ఆవులూ నెమరు ఆపేసేవి. దాన్ని అతను మర్యాద అనుకునేవాడు.

మచ్చావు నాలుగు రోజులుగా మేత మానేసింది. సగం నమిలిన గడ్డి ఉండలు ఉండలుగా జారవిడుస్తోంది. చొంగ కంపు కొడుతోంది. దూడగా ఉన్నప్పుడే తల్లి చచ్చిపోతే, దాన్ని సీసా పాలతో పెంచింది పళ్ళాయన భార్యే. కొట్టం యజమాని తెగేసి చెప్పాడు: "మధ్యాహ్నం కబేళా లారీ వస్తుంది. అప్పటికి తినకపోతే ఎక్కించేస్తా."

"పళ్ళు చూశాను. ఒక్కటీ కదల్లేదు. ఒట్టి మొండితనం" అన్నాడు పళ్ళాయన.

పలుపు కురచగా బిగించి, నీళ్ళ పైపు ముక్కతో బాదడం మొదలుపెట్టాడు. వీపు, మెడ, మూతి, ఎక్కడ తగిలితే అక్కడ. ఆవు మోకాళ్ళ మీద పడింది. చొంగలో నెత్తురు జీర కనిపించినా చెయ్యి ఆగలేదు. భార్య అడ్డం వచ్చింది. పైపు ఆమె మోచేతి మీద చెళ్ళుమంది.

"నన్నూ కొట్టండి, ఆపారేం?" అందామె. "ముందు దాని దవడ మీద చెయ్యి వెయ్యండి."

ఒళ్ళు మండి, చెయ్యి పెట్టాడు. నిమ్మకాయంత గడ్డ, కాలిపోతోంది. ముప్పై ఏళ్ళుగా ముందుపళ్ళు తప్ప లోపలివి చూసిన పాపాన పోలేదు. పౌరుషం కొద్దీ బుగ్గ పక్కగా నోట్లోకి చెయ్యి దూర్చాడు. వేలు చిగురుకు తగలగానే ఆవు దవడ బిగించింది. ఎముక పటుక్కుమంది. ఎంత అరిచినా వదల్లేదు. లాక్కున్న చేతికి మధ్యవేలు చివర లేదు. చీమూ నెత్తురూ అతని మొహాన చిమ్మాయి.

భార్య పొద్దున్నే ఫోన్ చేసిన పశువుల డాక్టరమ్మ అప్పుడే వచ్చింది. అతని చేతికి కట్టు కట్టి, ఆవుకు మత్తిచ్చి, నోరు మూయకుండా ఇనప కళ్ళెం బిగించి, పట్టకారుతో దవడపన్ను పీకింది. అరచేతిలో పెట్టి చూపించింది.

"ఇది పుచ్చిన పన్ను కాదు, నిలువునా చీలింది. దవడ మీద గట్టి దెబ్బ తగిలింది. రెండు నెలలై ఉంటుంది."

రెండు నెలల కిందట మచ్చావు పాలు తన్నేసింది. అప్పుడు ఖాళీ క్యాను ఎత్తి దాని దవడ మీద వేసింది పళ్ళాయనే.

"ఎవరు కొట్టారు?" అన్నాడు యజమాని.

భార్య పళ్ళాయన వైపే చూస్తోంది.

"నేనే" అన్నాడు.

పన్ను పోయింది, ఇక తింటుందని డాక్టరమ్మ చెప్పడంతో లారీ ఖాళీగా వెళ్ళింది. పది రోజులకు చిగురు మానింది. నానబెట్టిన దాణా భార్య చేత్తో పెడితే మచ్చావు మెల్లగా నమిలేది. అతని చెప్పుల చప్పుడైతే చాలు, నోట్లో ముద్ద అలాగే ఉంచుకుని వణికేది. అందుకని అది తినేంతసేపూ పళ్ళాయన చెప్పులు చేత్తో పట్టుకుని, గోడ అవతల ఎండలో నిలబడేవాడు.